'సెపరేటెడ్' అన్నాను, అందరూ వచ్చి ఓదార్చారు

ప్రశ్న: ఉద్యోగాల వల్ల నేనూ నా భార్యా ఎనిమిది నెలలుగా వేర్వేరు ఊళ్లలో ఉంటున్నాం. మా మధ్య ఏ గొడవా లేదు, రోజూ రాత్రి మాట్లాడుకునే పడుకుంటాం. కొత్త ఆఫీసులో ఒకాయన మీ ఫ్యామిలీ ఎక్కడ ఉంటారని ఇంగ్లిషులో అడిగితే 'వీ ఆర్ సెపరేటెడ్' అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. 'ఐ యామ్ సారీ టు హియర్ దట్' అని భుజం తట్టి వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చి ధైర్యం చెప్పారు. అప్పటికే జాయినింగ్ ఫారంలో కూడా 'సెపరేటెడ్' అనే గడిలో టిక్ పెట్టి ఇచ్చేశాను. ఇదంతా ఇంట్లో చెబితే నా భార్య నవ్వుతుందనుకున్నాను, కానీ చాలా బాధపడింది. సెపరేట్ అంటే విడిగా అనే కదా అర్థం? నేనన్నదాంట్లో తప్పేముంది? ఈ మాట ఎక్కడ ఎలా వాడాలి? పలకడం కూడా ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతున్నారు, ఏది సరైనది?

సమాధానం: ముందు ఫారం సంగతి చూడండి, మిగతాదంతా తర్వాత. ఆ గడిలో అడిగేది మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా లేదా అని కాదు, మీ పెళ్లి ఏ స్థితిలో ఉంది అని. సింగిల్, మ్యారీడ్, సెపరేటెడ్, డివోర్స్‌డ్, విడోడ్ అని వరసగా ఉండే గడుల్లో 'సెపరేటెడ్' అంటే కాపురం విడిపోయింది, విడాకులు మాత్రం ఇంకా రాలేదు అని అర్థం. మీరు టిక్ పెట్టాల్సింది 'మ్యారీడ్' దగ్గర. మీరిద్దరూ పదేళ్లు వేర్వేరు ఊళ్లలో ఉన్నా సరే, పెళ్లి నిలిచి ఉన్నంతవరకూ మీరు 'మ్యారీడ్' మాత్రమే. ఇన్సూరెన్స్‌లో భార్య పేరు చేర్చేటప్పుడు, నామినీ పేరు రాసేటప్పుడు ఎవరైనా ఈ రికార్డు తీసి చూస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయి కాబట్టి రేపే హెచ్ఆర్ వాళ్లకి మెయిల్ పెట్టండి. పెద్ద వివరణ అక్కర్లేదు. 'ఐ టిక్డ్ సెపరేటెడ్ బై మిస్టేక్. ఐ యామ్ మ్యారీడ్. ప్లీజ్ కరెక్ట్ మై రికార్డ్.' ఈ మూడు వాక్యాలు చాలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. సెపరేట్ అంటే విడిగా అని మీరు అనుకున్నది తప్పేం కాదు, నూటికి నూరుపాళ్లు సరైనదే. ఇబ్బంది వచ్చింది చివర్లో మీరు చేర్చిన ఆ 'ఎడ్' దగ్గర. ఇంగ్లిషులో సెపరేట్ అని రెండు మాటలున్నాయని అనుకోండి, రాయడం ఒకేలా రాస్తారు గానీ పని వేరు. ఒకటి విశేషణం. 'టూ సెపరేట్ రూమ్స్' అంటే రెండు విడి గదులు. ఆ రెండు గదులూ ఒకప్పుడు ఒకే గది అని ఎవరూ అనుకోరు, ఇది వేరు అది వేరు అంతే. వాటికి వెనక కథ లేదు. రెండోది క్రియ, దానికి వెనక కథ మామూలుగా ఉంటుంది. ఏదైనా వేరు చేశారంటే అంతకుముందు అది కలిసి ఉండాలి కదా. గుడ్డులో తెల్లసొన, పచ్చసొన కలిసి ఉన్నాయి కాబట్టే వాటిని 'సెపరేట్' చేస్తాం. మరి భార్యాభర్తల విషయంలో కలిసి ఉండటం అంటే పెళ్లే. అందుకని 'వీ ఆర్ సెపరేటెడ్' అనగానే వినేవాళ్లకి ఇద్దరి మధ్య దూరం ఎన్ని కిలోమీటర్లో గుర్తుకు రాదు, కలిసినది విడిపోయింది అనే వినిపిస్తుంది.

మీరు ఇంకో అనుమానం అడగొచ్చు. 'వీ గాట్ సెపరేటెడ్ ఇన్ ద క్రౌడ్' అని భార్యాభర్తలే అంటారు కదా, అప్పుడెవరూ జాలిపడరే అని. నిజమే, జాలిపడరు. జనంలో తప్పిపోయాం, ఒకరికొకరు కనపడకుండా పోయాం అని అర్థం చేసుకుంటారు. అలాగే 'ద వార్ సెపరేటెడ్ దెమ్' అంటే యుద్ధం వాళ్లని విడదీసింది, వాళ్ల తప్పు లేదు. 'ద టూ విలేజెస్ ఆర్ సెపరేటెడ్ బై ఎ రివర్' అంటే రెండు ఊళ్ల మధ్య ఏరుంది, అంతే. ఈ వాక్యాలన్నిట్లో ఉన్నదేంటో గమనించండి. విడదీసినది ఏదో చెప్పారు: జనం, యుద్ధం, నది. మీ వాక్యంలో అది లేదు. విడదీసినది ఎవరో చెప్పకుండా ఒక జంట గురించి 'ఆర్ సెపరేటెడ్' అని ఊరుకుంటే, వాళ్లంతట వాళ్లే విడిపోయారని ఇంగ్లిషు వాళ్లు తీసుకుంటారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఈ మాటలో సగం టెన్షన్ పోతుంది.

అయితే 'సెపరేటెడ్ బై వర్క్' అనొచ్చా అంటే, వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, కానీ నేనైతే అననివ్వను. వినేవాళ్లు సెపరేటెడ్ అన్న దగ్గరే ఆగిపోతారు, ఆ తర్వాత మీరు చెప్పింది సగమే వాళ్ల చెవిన పడుతుంది. ఎందుకొచ్చిన ఇబ్బంది.

మనకి ఈ పొరపాటు తేలిగ్గా జరగడానికి కారణం తెలుగులోనే ఉందని నాకనిపిస్తుంది. మనకి ఈ విడి విషయంలో మాటలు చాలా ఎక్కువ, ఒక్కోదానికీ ఒక్కో రుచి. ఎడబాటు అంటే ప్రేమ ఉండి, మనిషి దగ్గర లేకపోవడం. వియోగం కూడా అదే, కాస్త పుస్తకాల భాష. విడిపోవడం అంటే మనసులు విరగడం. విడాకులు అంటే చట్టం ముద్ర పడటం. ఇక వేరుపడటం అన్నా, వేరు కాపురం అన్నా భార్యాభర్తలు ఒకరినొకరు వదలడం కానే కాదు, ఇద్దరూ కలిసి పెద్ద కుటుంబం నుంచి బయటికి రావడం. ఇన్నిటికీ మనం ఇంగ్లిషులో ఒకటే మాట వెతుక్కుంటాం, చేతికి దొరికేది సెపరేట్. 'మా అన్నావదినలు వేరుపడ్డారు' అనే మాటని 'దే సెపరేటెడ్' అని చెప్పారంటే మీ అన్న కాపురాన్ని మీరే కూల్చినట్టవుతుంది. అక్కడ 'దే మూవ్డ్ అవుట్' అనాలి, లేదా 'దే హ్యావ్ దెయిర్ ఓన్ ప్లేస్ నౌ' అనాలి. మీరిద్దరూ ఉన్నది ఎడబాటులో. మీరు చెప్పింది విడిపోవడం. మీ భార్య బాధపడటంలో ఆశ్చర్యమేముంది చెప్పండి, ఎనిమిది నెలలుగా రోజూ ఫోన్ కోసం ఎదురుచూసే మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో మీరే ఊహించగలరు.

మరి ఏమనాలి? సూటిగా చెప్పండి. 'మై వైఫ్ ఈజ్ వర్కింగ్ ఇన్ అనదర్ సిటీ ఫర్ నౌ' అంటే అందరికీ అర్థమవుతుంది, అనుమానానికి చోటుండదు. ఆ 'ఫర్ నౌ' అనే రెండు మాటలు వదలకండి, ప్రస్తుతానికి అనే అర్థం అక్కడే ఉంది. 'వీ ఆర్ డూయింగ్ లాంగ్ డిస్టెన్స్' అన్నా ఈ కాలంలో బాగా నడుస్తుంది. 'వర్క్ ఈజ్ కీపింగ్ అస్ అపార్ట్' అనొచ్చు, ఇందులో మీ బాధ కూడా కొంచెం తెలుస్తుంది. కానీ 'వీ లివ్ సెపరేట్‌లీ' అనకండి, అది కూడా గొడవపడి దూరంగా ఉన్నట్టే ఉంటుంది. 'వీ లివ్ అపార్ట్' కూడా ఒంటరిగా వాడితే అంత మంచిది కాదు. కొన్నిచోట్ల విడాకుల చట్టాల్లో 'లివింగ్ సెపరేట్ అండ్ అపార్ట్' అనే మాట ఉంటుంది, భార్యాభర్తలు ఇంతకాలం అలా ఉంటేనే విడాకులకి వెళ్లొచ్చు అని. ఆ వాసన ఆ మాటకి అంటుకుని ఉంది.

ఆఫీసులో ఇప్పటికే ఓదార్చినవాళ్లకి మీరే వెళ్లి చెప్పండి, మొహమాటపడి వదిలేయొద్దు. 'ఐ యూజ్డ్ ద రాంగ్ వర్డ్. వీ ఆర్ హ్యాపీలీ మ్యారీడ్, షీ జస్ట్ వర్క్స్ ఇన్ అనదర్ సిటీ' అనండి. వాళ్లు మిమ్మల్ని తక్కువగా చూడరు, సంతోషిస్తారు. నిజంగా మీ మంచి కోరి వచ్చిన మనుషులు వాళ్లు.

ఇదే వరసలో ఉన్న ఇంకొన్ని మాటలు కూడా చెబుతాను, ఎందుకంటే సెపరేట్ వద్దన్నానని మీరు ఇంకోదాని మీద చెయ్యి వేస్తే కష్టం. 'బ్రేకప్' ఎక్కువగా ప్రేమలో ఉన్నవాళ్లు విడిపోవడానికి. 'స్ప్లిట్ అప్' పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ ఇద్దరికీ వాడతారు, మాట్లాడుకునే భాష. 'డివైడ్' మనుషుల జంటలకి రాదు, ఒక మొత్తాన్ని ముక్కలు చేయడానికి వస్తుంది. దీనికీ సెపరేట్‌కీ తేడా చూడండి: ఒక కేకుని 'డివైడ్' చేస్తాం, ఎందుకంటే ముక్కలన్నీ ఒకే రకం. కలిసిపోయిన బియ్యాన్నీ పప్పునీ 'సెపరేట్' చేస్తాం, ఎందుకంటే అవి మొదట్నుంచీ వేరే వేరే వస్తువులు.

'పార్ట్' అనే చిన్న మాట మాత్రం చాలా జాగ్రత్తగా వాడాలి. 'పార్ట్ ఫ్రమ్' అంటే మనిషి దగ్గర సెలవు తీసుకోవడం, దూరం కావడం. 'పార్ట్ విత్' అంటే వస్తువుని వదులుకోవడం, ఇష్టం లేకపోయినా ఇచ్చేయడం. స్టేషన్లో భార్యని రైలెక్కించి వచ్చి 'ఐ పార్టెడ్ విత్ హర్' అంటే ఆవిడేదో పాత సామాను అన్నట్టవుతుంది. 'అపార్ట్' ఒకే మాటగా రాస్తే దూరంగా అని అర్థం, మధ్యలో ఖాళీ వదిలి 'ఎ పార్ట్' అని రాస్తే ఒక భాగం అని, అంటే సరిగ్గా తిరగబడిన అర్థం. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఉద్యోగం కోసం రాసిన ఉత్తరంలో మీ సంస్థలో భాగం కావాలనుకుంటున్నాను అనడానికి ఆ ఖాళీ మర్చిపోయింది. మీకు దూరంగా ఉండాలనుకుంటున్నాను అన్నట్టు తయారైంది ఆ వాక్యం. పంపే ముందు చూశాం కాబట్టి సరిపోయింది. ఇంత చిన్న ఖాళీ అంత పని చేస్తుంది. ఇక 'అపార్ట్ ఫ్రమ్' అంటే అది తప్ప, అది కాకుండా అని ఇంకో అర్థం ఉంది, అది మీకు తెలిసే ఉంటుంది.

పార్ట్ గురించి ఒక సంగతి మీ ఇద్దరికీ నచ్చుతుందని చెబుతున్నాను. క్రైస్తవుల పెళ్లిలో 'టిల్ డెత్ అస్ డూ పార్ట్' అని ప్రమాణం చేస్తారు, చావు మమ్మల్ని విడదీసేవరకూ అని. 1549లో ఇంగ్లండ్ చర్చి తెచ్చిన ప్రార్థన పుస్తకంలో అక్కడ 'డూ పార్ట్' లేదు, 'డిపార్ట్' అని ఉండేది. ఆ రోజుల్లో డిపార్ట్ అంటే విడదీయడం. కాలం గడిచేకొద్దీ ఆ అర్థం అరిగిపోయి, బయల్దేరి వెళ్లడం అనే అర్థమే మిగిలింది. మన రైల్వే స్టేషన్లో వినపడే 'డిపార్చర్' అదే. దాంతో పెళ్లి ప్రమాణం జనానికి అర్థం కాకుండా పోతుందని 1662 నాటి పుస్తకంలో ఆ మాటని విరిచి 'డూ పార్ట్' చేశారు. ఈ విడి మాటలు ఇంగ్లిషు వాళ్లకి కూడా ఎప్పుడూ ఒకేలా నిలబడలేదు, వాళ్లే సరిచేసుకోవాల్సి వచ్చింది. మీరు ఒక్కసారి తడబడినందుకు అంతగా కుంగిపోనక్కర్లేదు.

సెపరేట్ పుట్టింది లాటిన్ నుంచి. 'సె' అంటే విడిగా, 'పరారె' అంటే సిద్ధం చేయడం, అమర్చడం. విడిగా అమర్చడం అన్నమాట. 'ప్రిపేర్' కూడా ఆ 'పరారె' నుంచి వచ్చిందే. ఇదే మాట ఫ్రెంచి మీదుగా తిరిగి ఇంగ్లిషులోకి 'సెవర్' అయి వచ్చింది, తెంచేయడం అనే అర్థంతో. ఫ్రెంచిలో మిగిలిపోయిన 'సెవ్రే' అనే రూపానికి పసిబిడ్డకి తల్లిపాలు మాన్పించడం అని అర్థం, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. కొన్ని, అనేక అనే అర్థంలో మనం రోజూ వాడే 'సెవరల్' కూడా ఈ కుటుంబంలోదే, మొదట్లో దానికి విడివిడిగా అనే అర్థం. అప్పు కాగితాల మీద 'జాయింట్ అండ్ సెవరల్' అని ఉంటే ఆ సెవరల్‌కి అనేక అని అర్థం చెప్పుకోకండి, పాత అర్థమే అక్కడ బతికి ఉంది: అందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడివిడిగా మొత్తానికీ బాధ్యులే. ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ ఒక్క ముక్క తెలియడం చాలా అవసరం.

వాడుకలో గుర్తుంచుకోవాల్సినవి మరీ ఎక్కువ లేవు. దేన్నుంచి వేరు చేస్తున్నామో దాని ముందు 'ఫ్రమ్' రావాలి, 'విత్' రాదు. 'హీ సెపరేటెడ్ విత్ హిస్ వైఫ్' తప్పు, 'ఫ్రమ్ హిస్ వైఫ్' అనాలి. ఎన్ని గుంపులుగా విడదీశామో చెప్పాలంటే 'ఇంటు'. పాలలోంచి మీగడ తీసే యంత్రాన్ని 'సెపరేటర్' అంటారు, 1878లో స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డె లావాల్ చేసిన యంత్రం పాలని గిర్రున తిప్పి మీగడని వేరు చేసేది, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. బట్టల షాపుల్లో 'సెపరేట్స్' అని బహువచనంలో కనపడితే సెట్టుగా కాకుండా విడిగా కొనుక్కుని దేనితో కావాలంటే దానితో వేసుకునే బట్టలని అర్థం. 'గో అవర్ సెపరేట్ వేస్' అంటే ఎవరి దారిన వాళ్లు పోవడం, ఇది స్నేహితులకీ వ్యాపారంలో భాగస్వాములకీ కూడా వస్తుంది.

నామవాచకం 'సెపరేషన్' మాత్రం క్రియ కంటే కాస్త మెత్తన. 'సెపరేషన్ యాంగ్జైటీ' అంటే తల్లి కాసేపు కనపడకపోతే చిన్నపిల్లలు పడే బెంగ, అక్కడ మన ఎడబాటు అర్థం పూర్తిగా ఉంది. 'సెపరేషన్ ఆఫ్ పవర్స్' అంటే చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు వేర్వేరుగా ఉండటం, అందులో గొడవేం లేదు. కానీ 'దెయిర్ సెపరేషన్' అని ఒక జంట గురించి అన్నారా, మళ్లీ మొదటికే వస్తుంది.

విశేషణానికి వెనక కథ ఉండదని పైన చెప్పాను. గదులకీ బట్టలకీ అది నిజం, మనుషుల దగ్గరికి వచ్చేసరికి అలా ఉండదు. అమెరికా సుప్రీంకోర్టు 1896లో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ రైలుపెట్టెలు వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలని ఒప్పుకుంది. 'సెపరేట్ బట్ ఈక్వల్' అని దానికి పేరు. అదే కోర్టు 1954లో బడుల విషయంలో ఆ వాదాన్ని కొట్టేస్తూ, వేరుగా పెట్టడంలోనే అసమానత ఉందని చెప్పింది. ఎవరూ కోరుకోకుండా ఒక మనిషిని 'సెపరేట్' అన్నప్పుడు అందులో బరువుంటుంది. మీ భార్య విన్నది కూడా ఆ బరువునే.

చివరిగా పలకడం. ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారని మీరు రాసింది నిజమే, అందులో ఇద్దరూ సరైనవాళ్లే కావొచ్చు. విశేషణమైతే రెండు దెబ్బల్లో అయిపోతుంది, 'సెప్రట్' అని, చివర గట్టిగా నొక్కరు. క్రియ అయితే మూడు దెబ్బలు, 'సెపరెయ్‌ట్' అని చివరిది సాగుతుంది. రెండింటిలోనూ ఊనిక 'సె' మీదే. 'సెప్రట్ రూమ్స్', కానీ 'ప్లీజ్ సెపరెయ్‌ట్ దెమ్'. ఇది ఈ ఒక్క మాటకే కాదు, 'ఎస్టిమేట్', 'డూప్లికేట్', 'మోడరేట్', 'గ్రాడ్యుయేట్' అన్నీ ఇదే దారి, పని చెప్పేటప్పుడు చివర సాగుతుంది, వస్తువునో గుణాన్నో చెప్పేటప్పుడు కుదించుకుంటుంది. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం హాయిగా సెపరేట్‌గా అనే అనండి, అది ఇప్పుడు మన మాటే.

స్పెల్లింగ్ మీరు అడగలేదు, కానీ హెచ్ఆర్‌కి రాసే మెయిల్‌లో ఈ మాట ఎలాగూ వస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా తప్పు రాసే మాటల్లో ఇదొకటి, 'పి' తర్వాత 'ఇ' పెట్టేస్తారు. మనకి ఆ ఇబ్బంది రాకూడదు. తెలుగులో మనం సెపెరేట్ అని రాయం, సెపరేట్ అని రాస్తాం కదా. ఆ 'ప'లో ఉన్న అకారమే అక్కడి 'ఏ'. ఎస్, ఇ, పి, ఏ, ఆర్, ఏ, టి, ఇ. మీ మెయిల్‌లో చివర ఇంకో 'డి' చేర్చండి.